ఎడమకాలి సాధన

కర్మలను మీమాంసకులు విభజించిన తీరులో ఒక విచిత్రమున్నది. స్వర్గాది ఫలములను కోరి చేయునవి కామ్యములు. ఒక నిమిత్తము తటస్థించినపుడు చేయవలసినవి నైమిత్తికములు. ఏ ఫలమును ప్రత్యేకించి చెప్పకయే ప్రతిదినము చేసితీరవలెనని విధింపబడినవి నిత్యములు. సంధ్యావందనమువలన ఏమి లభించునని అడిగిన పిల్లవానికి, లభించునది ఏమియు లేదు, మానినచో మాత్రము ప్రత్యవాయము కలదని పెద్దలు సమాధానము చెప్పుచు వచ్చిరి. ఈ సమాధానము విన్న ప్రతి పిల్లవాడును లోలోపల కొంత నొచ్చుకొనియే యుండును. చేసిన లాభము లేక, మానిన నష్టము కలుగు పని యెట్టి పని? శాస్త్రకారులు పిల్లవానిని ఏమార్చుటకు ఇట్లనిరా, లేక వారికి నిజముగా ఏదో కనబడి, దానిని చెప్పుటకు ఇంతకంటె మంచి మాట దొరకక ఇట్లనిరా? ఈ ప్రశ్న గ్రంథములలో కంటె ఫుట్‌బాల్ మైదానమునందు, అందులోను పందెము లేని ఉదయమున, ఎక్కువ స్పష్టముగా కనబడునని నాకు తోచుచున్నది.

పందెపుటాట కామ్యకర్మ. విజయమనెడి ఫలము ముందే చెప్పబడియున్నది. దానిని కోరియే పదకొండుగురు దిగుదురు. తొంబది నిమిషములు గడచుసరికి అది వచ్చినదో లేదో లోకమునకెల్ల తెలిసిపోవును. దానికి వెనుక, ఎవరును చూడని వేళలందు, గడ్డిమీద మంచు ఆరకమునుపే మొదలై, బంతిని ఆపుట, ఆపినదానిని తోటివానికి అందించుట, అందించి కదలుట, కదలి మరల అందుకొనుట అను నాలుగు పనులనే వందలమారులు చేయించు అభ్యాసమున్నదే, అది నిత్యకర్మ. నేటి అభ్యాసమువలన రేపటి ఆటలో ఒక గోలు అధికముగా వచ్చునని ఏ శిక్షకుడును పూచీపడలేడు. మానినచో మాత్రము ప్రత్యవాయము తప్పదు. నాలుగుదినములు మైదానమునకు రానివాని పాదమునకు బంతి తగిలినపుడు వచ్చు చప్పుడే వేరుగా నుండునని చెవిగల శిక్షకు లెరుగుదురు.

అయినను శంక తీరలేదు. ఈల వినబడినంతనే ఒకే పనిని ఒకే తీరున చేయుటకు అలవాటుపడిన దేహము స్వతంత్రమైనదా, బద్ధమైనదా? పరుల ఆజ్ఞచే మొదలై, పునరావృత్తిచే గట్టిపడి, తుదకు తలపకయే జరిగిపోవు మంచి పనిని చేసినవాని మంచితనముగా లెక్కింపవచ్చునా? న్యాయమైన పనులు చేయగా చేయగా మనుష్యుడు న్యాయవర్తనుడగునని, సద్గుణము అలవాటునుండి పుట్టునని అరిస్టాటిల్ నిస్సంకోచముగా చెప్పెను. కాంటు దీనికి సులభముగా ఒప్పుకొనడు. కర్తవ్యబుద్ధితో గాక ఒట్టి ప్రవృత్తిచేత జరిగిపోయిన పనికి నైతికమైన విలువ యేమున్నదని ఆయన సంశయము. మన సంస్కారవాదము మొదట అరిస్టాటిలునకు చేరువగా నున్నట్లు కనబడును గాని, ముముక్షువునకు మంచి సంస్కారములును తుదకు బంధములే యని చెప్పి మరల చిక్కు తెచ్చిపెట్టును.

ఫుట్‌బాలును వేదాంతమును ఒకచోట చేర్చినంతనే, వివేకానందస్వామి 1897లో మద్రాసున ప్రసంగించుచు, గీతాధ్యయనముకంటె ఈ ఆటయే యువకులను స్వర్గమునకు చేరువ చేయునన్న మాటను ఉదాహరించుట మనలో ఆచారమైపోయినది. క్రీడాసభల అధ్యక్షులలో దానిని విడిచిపెట్టినవారిని నేనెరుగను. స్వామి చెప్పదలచినది దేహబలమును గూర్చి. దుర్బలునకు గీత అందదని ఆయన ఆవేదన. నేనడుగునది బలమును గూర్చి కాదు, కావున ఆ మాటకు నమస్కరించి ముందునకు పోయెదను.

ఈ విచారణలో నాకు తోడువచ్చు ఆచార్యుడు వేరొకడు. ఆయన వేదాంతి కాడు. 1909లో హైదరాబాదున జన్మించి, బడిపంతులుగా జీవితము నారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1950 మొదలుకొని 1963 జూన్ 11న కన్నుమూయువరకు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమారులు గెలుచుకొన్నది. భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకము నందుకొన్నదియు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవస్థానము పొందినదియు ఆయన శిక్షణలోనే. హైదరాబాదు ఆటగాండ్రకు ఆయన రహీం సాబు. పంతులని నేను మొదటనే చెప్పుట ఊరక కాదు. ఎక్కములు వల్లెవేయించిన మనుష్యునకు పునశ్చరణమును గూర్చి తత్త్వవేత్తలకు తెలియనిది కొంత తెలియును: ఏడెనిమిదులెంతయో తడుముకొనుచున్నంతకాలము పిల్లవాడు లెక్కను చూడలేడు, అది నోట దానంతట వచ్చిన నాటినుండియే వాని బుద్ధి లెక్కమీదికి పోవును.

రహీం సాబు కుర్రవాండ్రకు పెట్టించిన పోటీలలో రెండు మిక్కిలి చిత్రమైనవి. ఒకదానియందు డ్రిబ్లింగు నిషిద్ధము. బంతి అందినవాడు దానిని కాళ్లనడుమ ఆడించుకొనుచు, ఎదిరివానిని ఏమార్చి, తానొక్కడే ముందునకు చొచ్చుకొనిపోరాదు. అందినదానిని అందినట్లు తోటివానికి ఇచ్చివేయవలెను. రెండవదానియందు ప్రతివాడును తన బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను. ఈ రెండు నియమములను పక్కపక్కన ఉంచి చూచినపుడు, పతంజలి చిత్తవృత్తులను నిరోధించుటకు చెప్పిన జంటసాధనములు, అర్జునుడు మనస్సు గాలివలె పట్టుబడదని మొరపెట్టుకొనగా కృష్ణుడు మరల చూపిన ఆ అభ్యాసవైరాగ్యములే, గోలుకంబముల నడుమ నిలిచియున్నట్లు నాకు కనబడినవి.

బలహీనమైన కాలితో ఆడుట అభ్యాసమని వేరుగా చెప్పనక్కరలేదు. డ్రిబ్లింగును మానుట వైరాగ్యమెట్లగునన్నది మాత్రము కొంత నిలిచి చూడవలసిన విషయము. వైరాగ్యమనగా చెడ్డదానినో, విసుగు పుట్టినదానినో, ముదిమిచేత ఎట్లును చేతగానిదానినో విడుచుటయని మనలో పెక్కురు తలతురు. అది విడుచుట కాదు, వదలిపోవుట. డ్రిబ్లింగు రానివానికి దానిని నిషేధించినచో పోయినదేమున్నది? నలుగురిని దాటుకొని పోగల నేర్పు పాదముననున్నవాడు, చూచువారందరు అరచుచు ప్రోత్సహించుచున్నవాడు, తన నేర్పులలోకెల్ల శ్రేష్ఠమైనదానిని బుద్ధిపూర్వకముగా మడిచిపెట్టి, తనకంటె తక్కువవానికి బంతి నీయవలసివచ్చినపుడు వాని ముఖమును చూచినచో వైరాగ్యమన నేమో తెలియును. మరల ఆ నేర్పును శాశ్వతముగా పారవేయుమని ఎవరును చెప్పలేదు. అది ఆ పోటీ వరకే. తరువాత పందెములో డ్రిబ్లింగు చేయవచ్చును. కాని అప్పుడు అది వానిని ఈడ్చుకొనిపోదు, వాడు దానిని పిలుచుకొనును.

ఎడమకాలి సంగతి దగ్గరనుండి చూడదగినది. సికిందరాబాదులోని ఒక మైదానమున, ప్రహరీగోడకెదురుగా నిలిచి ఒక కుర్రవాడు ఈ అభ్యాసము చేయుచుండగా నేను చాలసేపు చూచితిని. గోడకు కొట్టిన బంతి తిరిగివచ్చును, దానిని ఎడమకాలి లోపలి అంచుతో మరల గోడకు పంపవలెను, అంతియే పని. బంతి వచ్చు ప్రతిమారును వాని కుడికాలు పిలువకయే ముందునకు దూకుచుండెను. శిక్షకుడు కేకలు వేయలేదు. వచ్చి, కుడికాలి బూటు విప్పించి, మేజోడుతో నిలువబెట్టి పోయెను. ఇక కుడికాలితో కొట్టినచో నొప్పి కలుగును గనుక ఆ కాలు కొంత అణగినది. బంతి మాత్రము ఇంకను వంకరగనే పోవుచుండెను. అపుడు ఆ శిక్షకుడు మరల వచ్చి చూపిన లోపము నేనూహించినది కాదు. ఎడమకాలి ఊపు బాగుగనే యున్నదట. తప్పు కుడికాలిలోనే యున్నదట. ఎడమకాలు గాలిలోనికి లేచిన క్షణమున దేహభారమంతయు కుడికాలు వహింపవలెను. మోకాలు కొంచెము వంగి, పాదము గోడవైపునకు తిన్నగా చూచుచు, తుంటి తడబడకుండ నిలువవలెను. పుట్టినది మొదలు కొట్టుటయే గాని కొట్టువానిని మోయుట ఎన్నడును ఎరుగని కాలది. మడమ లోపలికి తిరిగిపోవుచుండెను, తుంటి జారుచుండెను. ఆ తరువాతి అభ్యాసమంతయు, చెప్పవలెనన్న, కుడికాలికి నిలుచుట నేర్పుటయే. సమర్థుడైనవాడు దుర్బలునకు తావిచ్చుట నేర్వనంతకాలము దుర్బలుడు దుర్బలుడుగనే కనబడునను సంగతి ఒక కుర్రవాని రెండుకాళ్ల నడుమ ఇంత బాహాటముగా జరుగుచుండగా, దానికై ధర్మశాస్త్రముల పుటలు తిప్పవలసిన పని లేదనిపించెను.

అయితే ఈ అలవాటంతయు దేనికొరకు? ఆదిపర్వమున అర్జునుని విద్యాభ్యాసమును గూర్చిన రెండు కథలున్నవి. చెట్టుమీది పక్షిని గురిచూపి, నీకేమి కనబడుచున్నదని ద్రోణుడు శిష్యుల నడుగగా, ఇతరులు చెట్టును కొమ్మలను అన్నదమ్ములను చూచితిమనిరి. అర్జునుడు పక్షి శిరస్సు తప్ప మరేమియు కనబడలేదనెను. ఈ కథ బడిపుస్తకములన్నింటను ఎక్కినది. రెండవదానికి అంత ప్రసిద్ధి రాలేదు. రాత్రి భుజించుచుండగా గాలికి దీపమారిపోయినది. చీకటిలోను చేయి తిన్నగా నోటికే పోవుచుండుట గమనించి, అది అభ్యాసబలమని గ్రహించి, అర్జునుడు ఆనాటినుండి చీకటిలో విల్లు పట్టెను. అర్ధరాత్రమున అల్లెత్రాటి మ్రోత విని ద్రోణుడు లేచివచ్చి కౌగిలించుకొనెను.

ఫుట్‌బాల్ శిక్షకుడు ఈ రెండవకథనే గ్రహించును. మొదటిదానిని గ్రహించినచో జట్టు చెడును. పక్షి శిరస్సు తప్ప మరేమియు కనబడనివాడు విలుకాడుగా ఎంత గొప్పవాడైనను, ఈ ఆటలో వానికంటె పనికిరానివాడు లేడు. అన్నదమ్ములు కనబడుచున్నారని చెప్పి చివాట్లు తిన్న శిష్యునే ఇచ్చట మెచ్చుకొనవలసియున్నది; ఏలయన, బంతి కాలికి చేరకమునుపే భుజముమీదుగా వెనుకకు చూచి, మనవాడెక్కడ నున్నాడు, ఎదిరివాడెటు వచ్చుచున్నాడు, ఎక్కడ చోటు ఖాళీ కానున్నది అని తెలిసికొనుటయే ఈ విద్యయొక్క మర్మము. తల వంచి బంతినే చూచుచున్నవానికి ఇది అసాధ్యము. బంతిని చూడకయే ఆపుట పాదమునకు వచ్చిననాడే తల పైకి లేచును. వందలమారులు ఆపించినది పాదమును యంత్రముగా చేయుటకే, సందేహము లేదు. కాని పాదము యంత్రమైనది కన్ను యంత్రము కాకుండుటకు. కాంటు సంశయమునకు కూడ ఇచ్చట కొంత సమాధానము దొరకునని నా తలంపు. అలవాటు మింగివేసినది కర్తృత్వమును కాదు, కర్తృత్వమునకు అడ్డుగానున్న తడబాటును. నిర్ణయము ఇంకను మిగిలియేయున్నది. ఎవరికీయవలెను, ఎప్పుడీయవలెను, ఇచ్చుటయా తానే పోవుటయా అన్నది ఏ అభ్యాసమును వాని తరపున తేల్చిపెట్టదు. నిత్యకర్మకు వేరుగా ఫలము చెప్పకున్నను అది చిత్తశుద్ధిని కలిగించునని వేదాంతులు చేసిన సర్దుబాటును నేను పూర్వము తప్పించుకొను మాటగా భావించెడివాడను. శుద్ధి యనగా తన్ను గూర్చిన ధ్యాసనుండి చూపునకు విడుదల యని అర్థము చెప్పుకొన్నచో ఆ మాట తప్పించుకొనునది కాదు.

ఇందుకు గట్టి ఆక్షేపణ యొకటి కలదు, దానిని చులకనగా త్రోసివేయరాదు. రహీం సాబు జట్టు పోలీసుల జట్టు. ఉదయమున బంతితో అభ్యాసము చేయు ఆ కాళ్లే కవాతుకును అలవాటుపడిన కాళ్లు. కవాతులోను ఈలయే, పునరావృత్తియే, క్రమశిక్షణయే. మరి లోకమున నిరాయుధులమీద తుపాకులు పేల్చిన సేనలలో పెక్కు మిక్కిలి చక్కని క్రమశిక్షణ గలవే యైయుండెను. అలవాటు మనుష్యుని విడిపించునని చెప్పువాడు, అదే అలవాటు మనుష్యుని ఇంత పూర్తిగా అమ్మివేయుటయును చూపి సమాధానము చెప్పవలెను. నాకు తోచు భేదమిది. కవాతు ఎచ్చటికి పోవునో ముందే నిశ్చయమైయున్నది. నూర్గురు ఒక్కరివలె కదలుటయే దాని పరిపూర్తి. అందొకడు తనంతట ఒక అడుగు వేసినచో అది తప్పు. మైదానపు అభ్యాసమో, ఎవరును ముందుగా చూడని స్థితికొరకు చేయబడునది. ఈల మ్రోగి పందెము మొదలైన తరువాత శిక్షకుడు గీతవెలుపల నిలిచినవాడే, వాని ఆజ్ఞ పరుగెత్తువాని చెవికి సగము చేరదు. తన ఆజ్ఞ అందని చోట శిష్యుడు ఏమిచేయునో అన్నదియే శిక్షకుని భయము, ఆశ కూడ. ఆజ్ఞ ఎన్నటికిని అవసరమైయుండవలెనని కోరు శిక్షణ వేరు, తాను అనవసరమగుటకు సిద్ధపడిన శిక్షణ వేరు. అయితే మైదానములన్నియు రెండవజాతివని నేననను. ఆలస్యమైనందుకు మైదానముచుట్టు పరుగెత్తించు శిక్ష ఒకటి సర్వత్ర కనబడును. దానివలన కుర్రవాడు కాలమును గౌరవించుట నేర్చునో, పరుగును ద్వేషించుట నేర్చునో శిక్షకులు ఆలోచించినట్లు కనబడదు.

సంస్కారములును బంధములే యన్న వేదాంతుల మాటకు మన ఫుట్‌బాల్ చరిత్రలోనే ఒక తార్కాణమున్నది. 1948 లండన్ ఒలింపిక్సులో మనవారు పెక్కురు బూట్లు లేకయే ఆడి, ఫ్రాన్సుచేత రెండు గోలులకు ఒకటిగా మాత్రమే ఓడి, అందరి మెప్పు పొందిరి. ఉత్తకాలి నేర్పు నిజమైన నేర్పే. బంతి తోలును చర్మము తాకినపుడు కలుగు సూక్ష్మజ్ఞానము బూటునకు రాదు. నాలుగేండ్ల తరువాత హెల్సింకి చలిలో, కొందరు ఉత్తకాళ్లతోనే యున్న మనజట్టు యుగోస్లావియాచేత పదింటికి ఒకటిగా ఓడినది. అటుతరువాత బూట్లు తప్పనిసరి చేయబడినవి. చిన్ననాటినుండి పాదమునకు వచ్చినది, మెప్పు తెచ్చినది, ప్రేమించినది విడిచి, మరల మొదటినుండి బంతిని ఆపుట నేర్చుకొనవలసి వచ్చెను. చెడ్డ అలవాటును మాన్పుట అంత కష్టము కాదు. మంచి అలవాటు కాలము మీరినదని ఒప్పుకొనుట కష్టము. ఓడించిన యుగోస్లావియా తోనే 1956లో మెల్‌బోర్న్‌లో సెమీఫైనల్ ఆడునంతటి దూరము మనజట్టు నాలుగేండ్లలో నడచినదన్నచో, ఆ విడుపునకు అందు భాగము లేకపోదు. అప్పుడును నాలుగింటికి ఒకటిగా ఓడితిమి, అది వేరు సంగతి.

స్వధర్మము గుణహీనమైనను పరధర్మముకంటె మేలని గీత చెప్పును. జట్టులో ఎవరి స్థానము వారిదన్న నియమమునకు దీనిని ప్రమాణముగా చూపువారు కలరు. 1962 జకార్తాలో జరిగినది వారికి చెప్పవలెను. మొదటి ఆటలో దక్షిణకొరియాచేత మనజట్టు రెండుగోలుల తేడాతో ఓడినది. థాయ్‌లాండుతో ఆటలో, గోలు కాచుకొను వరుసకు ఆయువుపట్టైన జర్నైల్ సింగు తలకు దెబ్బతగిలి కుట్లు పడినవి. రహీం సాబు ఆయనను వెనుకవరుసనుండి తీసి సెంటర్ ఫార్వర్డుగా ముందు నిలిపెను. సెమీఫైనలులో ఆయన గోలు కొట్టెను, సెప్టెంబరు 4న, నిండిన మైదానమంతయు మనకు విరోధముగా కేకలు వేయుచుండగా జరిగిన ఫైనలులోను కొట్టెను, మొదటిది పి.కె. బెనర్జీ కొట్టెను, దక్షిణకొరియా ఒక్కదానితో నిలిచిపోయినది. ఇది స్వధర్మమా, పరధర్మమా? అడ్డుకొనుటయే వృత్తిగా గలవానిని కొట్టుటకు పంపుట మొదటిచూపునకు పరధర్మమే. జర్నైల్ సింగు విద్యార్థిదశలో ముందువరుసలో ఆడినవాడేనని, గురువు అది మరువలేదని తెలిసిన తరువాత, స్వధర్మమనునది మనుష్యునకు అంటించిన స్థానము కాదు, వానిలో నిద్రించుచున్న నేర్పుతో సహా వానినెరిగినవాడు చూపు చోటు అని చెప్పవలసివచ్చును. అట్లెరుగుటకు ఏండ్లకొలది ఉదయములు మైదానమున వానిని చూచియుండవలెను.

ఇంత చేసినను గోలుకంబమునకు తగిలి తిరిగివచ్చు బంతి తిరిగియే వచ్చును. కర్మసిద్ధికి అయిదు కారణములను చెప్పుచు గీత, ఆశ్రయమును, కర్తను, సాధనములను, వివిధచేష్టలను లెక్కించి, అయిదవదిగా దైవమును ఉంచినది. మొదటి నాలుగును అభ్యాసమునకు లోబడునవి. జకార్తా విజయమునాటికే క్యాన్సరు రహీం సాబు దేహమున నున్నది. తొమ్మిదినెలలు నిండిన కొలదిదినములకే ఆయన వెడలిపోయెను. ఆసియా క్రీడలలో ఆ స్వర్ణపతకము మనజట్టునకు మరల రాలేదు. అయిదవకారణమును గూర్చి నేను చెప్పగలిగినది ఇంతకంటె లేదు.

నిత్యకర్మను గూర్చి మాత్రము ఒక మాట మిగిలియున్నది. ప్రతిజట్టునందును పదకొండుగురికి వెలుపల కొందరుందురు. ఆట మొదలైన తరువాత ఒకనికి బదులు మరొకనిని దింపు వెసులుబాటు నేటివలె పూర్వము లేదు. ప్రపంచ కప్పు పోటీలలోనే అది 1970లో గాని రాలేదు. కావున ఆనాడు ఎంపిక కానివాడు నిజముగా ఎంపిక కానివాడే. అట్టివాడును అదే వేళకు లేచి, అదే బంతిని అన్నిమారులు ఆపి, ఎదిరిజట్టువానివలె నటించి ముఖ్యులకు అభ్యాసమిచ్చి, పందెమునాడు బల్లమీద కూర్చుండును. కామ్యమును విడిచి నిత్యమును మాత్రము ఆచరించువానిని మీమాంసకులు మోక్షార్హునిగా చెప్పిన పక్షమొకటి కలదు. ఆ లెక్కకు స్వర్ణపతకము మెడలో వేసికొన్నవానికంటె వీడే పైమెట్టున నుండవలెను. ఈ సిద్ధాంతమును వానికి వినిపించినచో వాడు సంతోషించునని నేననుకొనను. వానికి కావలసినది మోక్షము కాదు, ఎడమ అంచున ఒక చోటు; శనివారము పట్టిక అంటించునపుడు అందు తన పేరున్నదో లేదో పోయి చూడక మానడు, లేకున్నను ఆదివారము ఉదయము మైదానమునకు రాకయు మానడు. ఈ రెండును ఒక్కనియందే ఎట్లు ఇముడుచున్నవో ఏ భాష్యకారుడును నాకు తృప్తి కలుగునట్లు చెప్పలేదు.